గొంతు దిగితే శ్రుతి దించండి, సాధన ఆపకండి

సంపాదకులకు నమస్కారం.

పిల్లల సంగీత పోటీల వార్తలు మీ పత్రికలో తరచూ చదువుతుంటాం. సంతోషం. అయితే సంగీతం నేర్చుకోవడానికి ఇప్పుడు వస్తున్నవాళ్ళలో ఉద్యోగ విరమణ చేసినవాళ్ళూ, పిల్లలు చేతికి అందివచ్చాక పాత స్వరం పుస్తకం మళ్ళీ తెరిచిన ఆడవాళ్ళూ చాలామందే ఉన్నారు. వాళ్ళకు పాఠం చెప్పే తీరు మాత్రం పదేళ్ళ పిల్లలకు చెప్పే తీరే. అదే శ్రుతి, అదే తీగ, అవే మూడు కాలాలు (వేగాలు). కొన్నాళ్ళకు గొంతు బొంగురుపోయో మోకాళ్ళు పట్టేసో మానేస్తారు. వయసైపోయింది, ఇక రాదని వాళ్ళే నిర్ణయించేసుకుంటారు. ఆ నిర్ణయం చాలాసార్లు తప్పు. గాత్రం చెప్పేవాళ్ళం, వీణ చెప్పేవాళ్ళం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

ముందు గొంతు సంగతి. వయసుతో గొంతు మారడం ముసలితనంలోనే మొదలవదు. పన్నెండు, పదిహేనేళ్ళ మధ్య మగపిల్లల గొంతు దాదాపు ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉండే దూరం) కిందికి దిగుతుంది. ఆడపిల్లలకూ మూడు అర శ్రుతుల దాకా (హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం అర శ్రుతి) దిగుతుంది గానీ బయటికి అంతగా తెలియదు. ఐదున్నర శ్రుతిలో (హార్మోనియం తెల్లమెట్ల వరస అంకెలే శ్రుతి అంకెలు, నల్లమెట్లు అరలు) హాయిగా పాడుతున్న కుర్రాడి గొంతు ఒకరోజు తారషడ్జం (పై స్థాయి స) దగ్గర చీలిపోతే, ఇంట్లోవాళ్ళు క్లాసు మాన్పించేస్తారు. మాన్పించక్కర్లేదు. ఆ ఏడాది, ఏడాదిన్నర పాటు శ్రుతిని నెలకోసారి సరిచూసుకుంటూ, హాయిగా పలికే ఐదారు స్వరాల్లోనే, తగ్గు గొంతుతో పాడిస్తే చాలు. తారస్థాయి జోలికి పోకూడదు. కొత్తగా వచ్చిన మంద్రస్వరాలను (కింది స్థాయి స్వరాలను) గట్టిగా నొక్కి పాడించకూడదు. తాళం, స్వరజ్ఞానం, రాగం గుర్తుపట్టడం వంటివాటికి గొంతుతో పనిలేదు కాబట్టి ఆ పాఠాలు ఆ ఏడాదిలో ముందుకు జరపవచ్చు. మన దగ్గర మగపిల్లలు గాత్రం వదిలేసేది ఎక్కువగా ఈ మలుపులోనే. ఉపాధ్యాయులు కాస్త ఓపిక పడితే వీళ్ళలో చాలామంది నిలబడతారు.

రెండో మలుపు యాభై దాటాక. ఆడవాళ్ళలో ముట్లుడిగిన తరవాత స్వరతంత్రులు కొంత మందమవుతాయి. కింది స్వరాలు కొత్తగా వస్తాయి, పైవి పోతాయి. మగవాళ్ళలో, మరికాస్త ఆలస్యంగా, స్వరతంత్రులు పలచబడి గొంతు సన్నబడుతుంది, గాలి కలిసి పలుకుతుంది. శ్రుతి దించాల్సిన సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది? పాత లెక్కే ఇక్కడా పనికొస్తుంది. మంద్రపంచమం స్పష్టంగా వినపడాలి, తారపంచమం మెడ నరాలు తేలకుండా పలకాలి. తారగాంధారం దాటగానే గొంతు దొంగగొంతులోకి (సన్నని కృత్రిమ గొంతులోకి) జారుతున్నా, నిలిపిన షడ్జం అడక్కుండానే నెమ్మదిగా ఊగుతున్నా శ్రుతి ఎక్కువైనట్టే. ఆ ఊగడాన్ని గమకం (స్వరాన్ని కావాలని ఊపి పలకడం) అనుకుని సరిపెట్టుకునేవాళ్ళున్నారు. గమకం మనం వేస్తే వస్తుంది, వద్దనుకుంటే ఆగుతుంది. ఈ ఊపు ఆగదు.

ఐదున్నరలో పాడినవాళ్ళు నాలుగున్నరకు, తరవాత నాలుగుకు రావచ్చు. ఒకేసారి దిగకుండా ఒక్కో అర శ్రుతి చొప్పున దిగి, ప్రతి మెట్టు దగ్గరా రెండు మూడు నెలలు ఆగితే గొంతుకు అలవాటవుతుంది. హార్మోనియం మీద మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేదని గుర్తుంచుకోవాలి. నాలుగు నుంచి మూడుకు దిగడమంటే అర శ్రుతి దిగడమే. ఎక్కువ దించేశామేమోనని కంగారు పడనక్కర్లేదు.

శ్రుతి దించినా రెండు స్థాయిలు పూర్తిగా అందకపోవచ్చు. అప్పుడు పాడే రచనను మార్చుకోవాలి. మన పెద్దలు మధ్యమశ్రుతిలో, అంటే మధ్యమాన్నే షడ్జంగా పెట్టుకుని, పాడే రాగాలు ఇందుకు వరంలాంటివి. నాదనామక్రియ, పున్నాగవరాళి నిషాదాంత్యాలు (పైకి నిషాదం దాకానే వెళ్ళేవి), నవరోజు పంచమాంత్యం (పంచమం దాకానే వెళ్ళేది). నాదనామక్రియనే తీసుకోండి. మధ్యమాన్ని షడ్జంగా పెట్టుకున్నప్పుడు ఆ రాగం అసలు శ్రుతి లెక్కన మధ్యస్థాయి గాంధారం నుంచి తారగాంధారం దాకా, ఒకే ఒక్క స్థాయిలో సర్దుకుంటుంది. రామదాసు కీర్తనల్లో, త్యాగరాజస్వామి దివ్యనామ, ఉత్సవసంప్రదాయ కీర్తనల్లో ఇలాంటివి కావలసినన్ని దొరుకుతాయి. పెద్ద కృతిని సగం సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) మింగి పాడేకంటే ఈ చిన్న కీర్తనను నిండుగా పాడటం మేలని మా గట్టి అభిప్రాయం.

ఊపిరి విషయంలో జరిగే పొరపాటు మరొకటి. పాతికేళ్ళప్పుడు ఒక్క దమ్ములో పాడిన పల్లవిని అరవైలోనూ అలాగే లాగబోయి చివరి స్వరాన్ని కిందికి జార్చేస్తారు. శ్రుతి తప్పుతోందని గురువుగారు అంటారు. నిజానికి గాలి చాలలేదు. సాహిత్యంలో పదం ఎక్కడ విరుగుతుందో చూసి అక్కడ ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని ఊపిరి తీసుకుంటే ఈ దోషం పోతుంది. సాధన గంటసేపు ఒక్క బిగిన చేయడంకంటే ఇరవై నిమిషాల చొప్పున పొద్దునొకసారి, సాయంత్రమొకసారి మంచిది. మొదటి ఐదు నిమిషాలు పెదవులు మూసి మధ్యస్థాయిలో మెల్లగా పలికించాకే అకారసాధనకు (‘అ’ అంటూ స్వరాలు పాడటానికి) వెళ్ళాలి.

ఇక వీణ. వేళ్ళ కీళ్ళు నొప్పెడుతున్నాయని వీణను మూలన పెట్టేముందు చేయగలిగిన పనులు రెండున్నాయి, వాటి ఫలితాలు వేరు వేరు. మొదటిది, తీగ మార్చకుండా శ్రుతి దించడం. అర శ్రుతి దించితే తీగ బిగువు పదకొండు శాతం, ఒక శ్రుతి దించితే దాదాపు ఇరవైయొక్క శాతం తగ్గుతుంది. వేలికి భారం అంతమేర తేలికవుతుంది. కానీ వదులైన తీగను లాగినప్పుడు స్వరం తొందరగా ఎక్కుతుంది. చేతికి పాత లాగుడే అలవాటు కాబట్టి మొదటి రోజుల్లో గమకాలన్నీ ఎక్కి పలుకుతాయి, శంకరాభరణంలో గాంధారం మధ్యమం వైపు పోతుంది. చెవి పోయిందేమోనని భయపడతారు. పోలేదు, చెయ్యి కొత్త కొలత నేర్చుకుంటోంది. రోజూ కాసేపు ఒకే మెట్టు మీద ఒక స్వరం ఎత్తుకు లాగి, ఆ స్వరాన్ని దాని సొంత మెట్టు మీద మీటి సరిచూసుకుంటూ ఉంటే సర్దుకుంటుంది. మరీ ఎక్కువ దించితే మాత్రం తీగ మెట్లకు తగిలి జరజరలాడుతుంది, నాదం చచ్చిపోతుంది.

రెండోది, శ్రుతి అలాగే ఉంచి సారణి తీగను (ముఖ్యంగా వాయించే తీగను) ఒక గేజి సన్నం చేయడం. గేజి అంకె పెరిగితే తీగ సన్నబడుతుందని కొనేటప్పుడు మరిచిపోకండి. సన్నతీగతో లాగవలసిన దూరం మారదు, బలం మాత్రం తగ్గుతుంది కాబట్టి పాత గమకాలు చేతిలో అలాగే ఉంటాయి. ఇబ్బందల్లా సన్నతీగ వేలి చర్మాన్ని ఎక్కువగా కోస్తుంది. వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుని, మొదట్లో పది నిమిషాలకు మించకుండా వాయించాలి. కీళ్ళనొప్పి ఉన్నవాళ్ళకు మొదటి పద్ధతి, చర్మం పలచబడి వేళ్ళు పగిలేవాళ్ళకు కూడా మొదటిదే మేలు. దశాబ్దాలుగా చేతికి పట్టిన కొలత పోగొట్టుకోకూడదనుకునే వైణికులకు రెండోది. శ్రుతి దించితే తాళం తీగలను (తాళానికి మీటే పక్క తీగలను) కూడా కొత్త శ్రుతికి సరిచేయాలి. తీగ మందం మారాక కొన్ని మెట్ల దగ్గర స్వరం తేడాగా వినిపిస్తే మేళం కట్టేవాళ్ళకు (వీణ మెట్లను మైనంలో అమర్చేవాళ్ళకు) చూపించండి. మైనం మెత్తబడే నడివేసవిలో ఆ పని పెట్టుకోకండి.

తీగలు బిగించే బిరడలు తిప్పడానికి మణికట్టు సహకరించకపోతే గిటారుకు ఉండే మరకీలు (పళ్ళచక్రాలతో తిరిగే బిరడలు) బిగించుకోవచ్చు. సంప్రదాయం చెడిపోతుందని కొందరు ముఖం చిట్లిస్తారు. శ్రుతి చేయలేక వీణ పెట్టెలో పడి ఉండటం ఏ సంప్రదాయం? కింద కూర్చోలేనివాళ్ళు వెడల్పాటి బల్ల మీద, తుంటి కింద నాలుగంగుళాల దిండు వేసుకుని మోకాళ్ళు తుంటికంటే కిందికి ఉండేలా కూర్చుంటే నడుము నిలుస్తుంది. వయొలిన్‌కు కూడా ఈ ఏర్పాటే మంచిది. కుర్చీలో కూర్చుంటే వయొలిన్ తలకు కుడికాలి మడమ ఆసరా పోతుంది, ఆ బరువు ఎడమచేతి మీద పడి వేళ్ళు బిగుసుకుంటాయి. అన్నవరపు రామస్వామిగారు 1926లో పుట్టారు. 2021లో వయొలిన్ విద్వాంసులుగా పద్మశ్రీ అందుకునేనాటికి తొంభై ఏళ్ళు ఎప్పుడో దాటాయి. ఆ వాద్యానికి వయసు గీత ఎక్కడ గీస్తాం?

వేణువుకు ఈ లెక్క తిరగబడుతుంది. శ్రుతి తగ్గేకొద్దీ వేణువు పొడవవుతుంది, రంధ్రాల మధ్య దూరం పెరుగుతుంది, గాలీ ఎక్కువ కావాలి. కాబట్టి వేళ్ళు సాగనివాళ్ళు పొట్టి వేణువుకు, అంటే పై శ్రుతికి మారాలి.

చెవి గురించి ఎవరూ చెప్పరు. వయసుతో వినికిడి పైనుంచి, అంటే సన్నని ధ్వనుల వైపు నుంచి తగ్గుతూ వస్తుంది. తంబురా నాదంలో పైన మెరిసే జీవం ముందు మాయమవుతుంది, సాహిత్యంలో స, శ, త వంటి హల్లులు కలగాపులగమవుతాయి. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్ళు శ్రుతిపెట్టె వణుకుతోందని ఫిర్యాదు చేస్తుంటారు. ఆ యంత్రాలు మాటల కోసం తయారైనవి. ఆగకుండా మోగే తంబురాను అవి కూతగానో (యంత్రం తనంతట తాను వేసే ఈలగానో) రొదగానో భ్రమపడి అణచబోతాయి, అందుకే ఆ వణుకు. అమర్చినవారి దగ్గరికి వెళ్ళి సంగీతానికి విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టించుకోవాలి. అందులో రొద తగ్గించే ఏర్పాటునూ కూత అణచే ఏర్పాటునూ ఆపేయమనో వీలైనంత తగ్గించమనో అడగాలి. శ్రుతిపెట్టెను వెంట తీసుకెళ్ళి అక్కడే వింటూ సరిచేయించుకుంటే రెండోసారి తిరిగే పని ఉండదు.

వినే అభిరుచి మారడంలోనూ చెవి పాత్ర ఉంది. పెద్దవాళ్ళకు కొత్త పాటలు నచ్చవంటాం. వాద్యాలు కిక్కిరిసిన పాటలో గొంతును విడదీసి వినడం వాళ్ళకు కష్టం, అదీ ఒక కారణం. ఒకే గొంతు, ఒకే పక్కవాద్యం ఉన్న కొత్త పాట వినిపించి చూడండి, చాలామంది ఆసక్తిగా వింటారు. ఇక పదేళ్ళ నుంచి పాతికేళ్ళ లోపు విన్నవి ఎవరికైనా గట్టిగా నిలిచిపోతాయి. మతిమరుపు వ్యాధి వచ్చిన పెద్దల కోసం పాటలు ఎంచేవాళ్ళు ఈ లెక్క వాడుకోవచ్చు. 1945లో పుట్టినవారికి 1955 నుంచి 1970 దాకా రేడియోలో మోగినవి, 1965లో పుట్టినవారికి 1975 నుంచి 1990 దాకా వచ్చినవి. పాతవి కదా అని ఎనభై ఏళ్ళవారికి 1940ల పాటలు పెడుతుంటారు. అవి వాళ్ళ అమ్మానాన్నల పాటలు.

సభల నిర్వాహకులకు ఒక మనవి. 85 డెసిబెల్స్ ధ్వనిని ఎనిమిది గంటలు భరించవచ్చంటారు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంటే. ముందు వరసల్లో కూర్చునేది పెద్దవాళ్ళు, వాళ్ళ ఎదుటే స్పీకర్లు. ఫోన్‌లో ధ్వని కొలిచే యాప్‌తో ముందు వరసలో ఒకసారి చూసుకుని, స్పీకర్లను ఎత్తులో కట్టి వెనక వరసల వైపు వంచితే ముందువాళ్ళకూ వెనకవాళ్ళకూ సరిపోతుంది.

సంగీత కళాశాలలకు, పరీక్షలు నిర్వహించేవారికి మరొకటి. సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకు యాభై దాటి వచ్చే అభ్యర్థులను తమకు అనువైన శ్రుతిలో పాడనివ్వండి, బల్ల మీద కూర్చోనివ్వండి. వర్ణం మూడో కాలానికి ఇచ్చే మార్కులను వాళ్ళకు రాగలక్షణం మీదకో, సాహిత్యార్థం మీదకో మార్చండి. ప్రశ్నపత్రంలో స్వరలిపిని పద్దెనిమిది పాయింట్ల అక్షరాల్లో అచ్చువేయండి. మామూలు అచ్చులో మంద్ర, తారస్థాయి చుక్కలు వాళ్ళ కళ్ళకు ఆనవు.

ఇట్లు,
గాత్ర, వీణ ఉపాధ్యాయులు కొందరు,
విజయనగరం