శీనుగాడికి, లెక్కల గురించే

ఒరేయ్ శీనూ,

ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో పెట్టేస్తావు, అందుకే ఉత్తరం. విషయం లెక్కలు. నవ్వకు.

మా అక్క కూతురు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. మొన్న రాత్రి అన్నానికి పిలిచినా లేవకుండా నోట్సు ముందేసుకుని కూర్చుంది. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4ఎక్స్ ప్లస్ 7, ఎక్స్ 0 నుంచి 5 దాకా, వ్యాప్తి కనుక్కోవాలి, అంటే దాని విలువ ఎంత నుంచి ఎంత దాకా వస్తుందో. 0 పెట్టింది, 7 వచ్చింది. 5 పెట్టింది, 12 వచ్చింది. "7 నుంచి 12 దాకా, అంతేగా మామయ్యా! సార్ ఎందుకు కొట్టేశారు?" అని నా మీద పడింది. మనిద్దరం సరిగ్గా ఇదే రాసి చీవాట్లు తిన్నాం, గుర్తుందా? ఆ సంగతి దానికి చెప్పలేదులే.

"2 పెట్టి చూడవే" అన్నాను. 3 వచ్చింది! పెన్ను మూత కొరుకుతూ ఉండిపోయింది.

గట్టు మీద నిలబడి బావి లోతు చెప్పినట్టుంది రా మన జవాబు. అదే లెక్కని ఎక్స్ మైనస్ 2 హోల్ స్క్వేర్ ప్లస్ 3 అని రాస్తే అడుగు కనిపిస్తుంది. వర్గం సున్నాకన్నా తగ్గదు, కాబట్టి మొత్తం 3 కన్నా తగ్గదు. జవాబు 3 నుంచి 12. ఎక్స్‌కి హద్దే లేకపోతే 3 నుంచి అనంతం దాకా.

"ఎక్స్ 3 నుంచి 5 దాకానే అయితే?" అంది. గడుసుది! అప్పుడు 2 ఆ హద్దుల్లోనే లేదు, కొసలు చూస్తే చాలు: 4 నుంచి 12.

వాళ్ల కాలేజీలో మొత్తాన్ని వై అనుకుని విచక్షణి, అదే బీ స్క్వేర్ మైనస్ 4ఏసీ, సున్నాకన్నా తగ్గకూడదని పెట్టిస్తారట. వై 3 కన్నా తగ్గదని వస్తుంది, నిజమే. కానీ ఆ 0, 5 హద్దుల్ని అది పట్టించుకోదు. నాకు ఆ పద్ధతి ఎప్పుడూ నచ్చలేదు.

ఇంతకీ అసలు గొడవ తెల్లారాక. బావ కోళ్లకి 40 మీటర్ల వలతో దడి కట్టాడు, పొడవు 15, వెడల్పు 5. ఈ పిల్ల లెక్క వేసింది: పొడవు ఎక్స్ అయితే వెడల్పు 20 మైనస్ ఎక్స్, రెండూ గుణిస్తే వైశాల్యం. ఎక్స్ స్క్వేర్ ముందు మైనస్ గుర్తు కదా, ఈసారి గ్రాఫు బోర్లించిన గిన్నె, అడుగు కాదు శిఖరం చూడాలి. 10 దగ్గర 100. "నాన్నా, నీది 75 చదరపు మీటర్లే, పాతిక పోయాయి!" అని ఆయన వెంట పడింది. బావ గుంజలు పీకుతూ నావంక అదోలా చూస్తున్నాడు. సంక్రాంతికి వస్తావుగా, నువ్వే సర్ది చెప్పాలి.

నీ,
రాజు