కంటి మాత్రల ప్రకటనల్లో చెప్పని సగం

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో కంటి మాత్రల ప్రకటనలు ఎక్కువయ్యాయి. వయసు మీద పడితే కంటి వెనక తెర అయిన రెటీనాలో రంగు తగ్గిపోతుందని, ల్యూటిన్ అనే రంగు పదార్థం వేసుకుంటే తిరిగొస్తుందని వాటి సారాంశం. మా నాన్న అది చదివి సీసా తెప్పించుకున్నారు. రోజూ మాత్ర వేసుకుంటున్నానుగా, ఇక కంటి డాక్టరెందుకు అన్నారు. నాకు భయం వేసింది ఆ మాటకే.

రెటీనాలో రంగు పదార్థం ఒక్కటే కాదు. రెటీనా మధ్యలో చూపు పదునుగా ఉండే చోటైన మాక్యులాకు పసుపు రంగునిచ్చేవి ల్యూటిన్, జియాజాంతిన్. ఇవి ఒంట్లో తయారు కావు, తిండి నుంచే రావాలి. రెటీనా వెనక పొరలో ఉండే నల్లటి మెలనిన్ వేరు. వయసుతో తగ్గేది ముఖ్యంగా అది. అదే పొరలో పెరిగేది ఇంకొకటుంది. అక్కడి కణాలు, కాంతిని పట్టే కణాల కొసలు రోజూ రాలుతుంటే మింగి అరిగించుకుంటాయి. ఈ మింగే కణాల స్థానంలో కొత్తవి పుట్టడం దాదాపు ఉండదు కాబట్టి, అరగని చెత్త ఏళ్లతరబడి అక్కడే పేరుకుంటుంది. దాని పేరు లిపోఫస్సిన్. ల్యూటిన్ మాత్ర దాన్ని ఊడ్చేస్తుందని ఎవరూ నిరూపించలేదు. (రంగులు వెలిసినట్టు కనిపిస్తే చాలాసార్లు తప్పు రెటీనాది కాదు, కంట్లోనే ముందువైపున్న లెన్స్ పసుపెక్కడమే.)

మాత్రలు బొత్తిగా దండగ అనను. 2013లో ఫలితాలు వెలువడ్డ ఆరెడ్స్-2 అనే అమెరికా కంటి పరిశోధనలో 10 మిల్లీగ్రాముల ల్యూటిన్, 2 మిల్లీగ్రాముల జియాజాంతిన్‌ను విటమిన్లు, జింక్‌తో కలిపి ఇచ్చి చూశారు. ఇలాంటి మందు పనికొచ్చేది వయసుతో వచ్చే మాక్యులా జబ్బు మధ్య దశకు చేరినవాళ్లకు, అదీ ముదరకుండా నెమ్మదింపజేయడానికి. జబ్బు లేనివాళ్లకు రాకుండా ఆపుతుందని తేలలేదు. పాత రకం మాత్రల్లోని బీటా కెరోటిన్ పొగ తాగేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. ప్రకటనలో ఇవేవీ ఉండవు.

నాన్న ఒకరోజు ఎడమ కన్ను మూసుకుని తలుపు చట్రం చూసి, ఇది వంగిందేంట్రా అన్నారు. రెండు కళ్లతో చూసినప్పుడు మంచి కన్ను ఆ వంకర కప్పేసింది. ఆస్పత్రిలో చుక్కల మందు వేసి కంటిపాప పెద్దది చేసి చూస్తే మాక్యులా వెనక నీరు చేరిందన్నారు. ఇప్పుడు ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. ముందే వస్తే ఇంకొంత చూపు మిగిలేదని డాక్టరు అన్నారు.

ప్రకటనలు ఆపమని అడగడం లేదు. వాటి కింద కనీసం రెండు వాక్యాలు వేయండి: ఈ మాత్ర కంటి పరీక్షకు బదులు కాదని, ఒక కంటితో చూసినప్పుడు గీతలు వంకరగా కనిపిస్తే వెంటనే డాక్టరును కలవాలని. అక్షరాలు మాత్రం పెద్దవి వేయండి, చదవాల్సింది మా నాన్న లాంటివాళ్లే.

ఇట్లు,
ఒక పాఠకుడు