ఇటలీ పోయేటోళ్లు ఒక్కసారి చూడండి

అందరికీ నమస్తే. 2026 ఫిబ్రవరి 6 నుంచి 22 దాకా జరిగే వింటర్ ఒలింపిక్స్‌కు మన హన్మకొండ నుంచి పోయేటోళ్ల కోసం ఈ మెసేజ్. ఆటలన్నీ మేడారం జాతర లెక్క ఒక్క జాగల ఉండవు. కొన్ని మిలాన్ దిక్కు, కొన్ని కొండల్లో ఉన్న కోర్టినా ఊర్లో. మిలాన్ నుంచి కోర్టినాకు రోడ్డు మీద దాదాపు 400 కిలోమీటర్లు. ఒకే రోజు రెండూ చూద్దామని టికెట్లు కొనకండి.

ఫిగర్ స్కేటింగ్ మిలాన్ పక్కన అస్సాగోలో. మెట్రో గ్రీన్ లైన్‌ల పోవాలె. ఆ లైన్ ఫమగోస్తా కాడ రెండుగా చీలుతది. రైలు మీద ‘అస్సాగో’ అని ఉంటేనే ఎక్కండి, లేకుంటే అబ్బియాతెగ్రాస్సో దిక్కు పోతది.

కర్లింగ్ (ఐస్ మీద బరువైన రాళ్లను జార్చే ఆట) కోర్టినాలో. అక్కడ రైల్వే స్టేషన్ లేదు. వెనిస్ మెస్త్రే దాకా రైలు, తర్వాత కొండల్లో బస్సు. పెద్దోళ్లను తీసుకపోతుంటే మిలాన్‌లోనే ఉండుడు మంచిది.