గడ్డ ఒక్కటే గుర్తు కాదు

సంపాదకులకు,

రొమ్ము క్యాన్సర్ గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు గడ్డను తొలిదశలో గుర్తించడం దగ్గరే ఆగిపోతున్నాయి. చికిత్స ముగించుకున్నవారు ఆ తర్వాతి ఏళ్లలో చర్మంపై ఏం గమనించుకోవాలో చెప్పేవి అరుదు. మహిళల్లో లోపలి అవయవాల నుంచి చర్మానికి పాకే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్‌దే మొదటి స్థానం కాబట్టి ఈ లోటు చిన్నది కాదు.

క్యాన్సర్ కణాలు శోషరస (లింఫ్) నాళాల ద్వారానో, రక్తం ద్వారానో, పక్కనున్న కణజాలం గుండా నేరుగానో చర్మంలోకి చేరతాయి. ఎక్కువగా ఛాతీ మీద, శస్త్రచికిత్స మచ్చ చుట్టుపక్కల బయటపడతాయి. ఒక్కోసారి నెత్తిమీద జుట్టు రాలిన నున్నటి మచ్చగానూ కనిపిస్తాయి. నొప్పిలేని గట్టి బొడిపెలు వీటిలో సాధారణ రూపం. అసలు చిక్కు తక్కిన రూపాలతోనే: చర్మం ఎర్రబారి వేడెక్కి అచ్చం ఇన్ఫెక్షన్‌లా ఉంటుంది కానీ సాధారణంగా జ్వరం ఉండదు, యాంటీబయాటిక్స్ వాడినా తగ్గదు, కొందరిలో ఛాతీ చర్మమంతా కవచంలా బిగుసుకుపోతుంది. రేడియేషన్ తీసుకున్నవారిలో దీన్ని ఆ చికిత్స మిగిల్చిన మార్పుగా పొరబడే అవకాశం కూడా ఉంది.

అందువల్ల రొమ్ము క్యాన్సర్ చరిత్ర ఉన్నవారికి మానని దద్దురు కనిపిస్తే, ఆపరేషన్ జరిగి ఎన్నేళ్లయినా సరే, పూతమందులు మార్చుకుంటూ కాలయాపన చేయడం కంటే చర్మం నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించడమే మేలు. మొదటి గడ్డలో ఉన్న హార్మోన్ గ్రాహకాలు (హార్మోన్లకు స్పందించే ప్రోటీన్లు), హెర్-2 (క్యాన్సర్ కణాల పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్) స్థితి ఇక్కడ మారి ఉండవచ్చు కనుక వాటినీ మళ్లీ పరీక్షించాలి; మందుల ఎంపిక వాటిపైనే ఆధారపడుతుంది. చర్మంపై కనబడిందంటే లోపల ఇతర అవయవాలకూ పాకిందేమో స్కాన్లతో చూడాల్సి ఉంటుంది. అలాగని చేయగలిగింది ఏమీ లేదనుకోవడం తప్పు. హార్మోన్ చికిత్స, కీమోథెరపీ, హెర్-2ను లక్ష్యంగా చేసుకునే మందులు, అవసరమైన చోట రేడియేషన్ అందుబాటులో ఉన్నాయి.

పుండు పడి దుర్వాసన వస్తున్నప్పుడు రోగులు సిగ్గుతో దాచుకుంటారు, ఇంట్లోవారు అంటుకుంటుందేమోనని దూరంగా ఉంటారు. ఈ వ్యాధి తాకితే అంటుకునేది కాదు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ జెల్‌తో, సరైన డ్రెస్సింగ్‌తో ఆ వాసనను చాలావరకు అదుపు చేయవచ్చని, డాక్టర్‌ను అడగడానికి సంకోచించనక్కరలేదని మీ ఆరోగ్య పేజీలో ఒకసారి వివరంగా రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు