ఉప్పాడ ఏ డిపార్ట్‌మెంటు కిందికి వస్తుంది?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కాకినాడలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పే అధ్యాపకురాలిని. మాకు దగ్గర్లోనే సముద్రం కోసుకుపోతున్న ఉప్పాడ తీరం గురించీ, మన యూనివర్సిటీల గురించీ మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను. నా దృష్టిలో ఇవి రెండూ ఒకటే విషయం.

పోయిన వానాకాలం ఉప్పాడలో ఒక నేతకారుల ఇంటికి వెళ్లాను. జాందానీ చీర నేసేది గుంట మగ్గం మీద. కాళ్లు పెట్టుకునే ఆ గుంటలో జానెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇంటావిడ చెంబుతో తోడి బయట పోస్తోంది. "తోడేకొద్దీ ఊరతానే ఉన్నాయండి, పది రోజులై మగ్గం ఎక్కలేదు" అంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా తగిలాయి. ఆ వీధి చివర నిలబడితే సముద్రమే. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో మధ్యలో ఇంకో రెండు వీధులు ఉండేవట.

ఆ ఉప్పునీళ్ల సంగతి ఎవరిని అడగాలి? 1970లతో పోలిస్తే 1990ల నాటికి గోదావరి సముద్రంలోకి తెచ్చే మట్టి సగానికి పైగా తగ్గిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎప్పుడో లెక్క తేల్చారు. ఆ మట్టి చాలావరకు ఎగువన ఆనకట్టల వెనకే ఆగిపోతోంది. తీరం వెంబడి కదిలే ఇసుకకు దారిలో కాకినాడ ఎదుటి ఇసుక దీవి హోప్ ఐలాండ్, పోర్టు అడ్డుగా ఉన్నాయి. సముద్ర మట్టం పెరుగుతోంది. భూగర్భ జలాల సంగతి వేరే ఉంది. ఒడ్డున జియోట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) వేశారు, బండరాళ్లు పోశారు. అయినా పెద్ద తుఫాను వచ్చిన ప్రతిసారీ బీచ్ రోడ్డు కోసుకుపోతూనే ఉంది. ఇందులో దేని వాటా ఎంత? మగ్గం ఆగిన ఇంట్లో అప్పు ఎంత పెరిగింది? పడవ లాగి పెట్టుకునే చోటు పోయిన మత్స్యకారుడు ఇప్పుడు ఏం చేస్తున్నాడు? ఏ ఒక్క శాఖ దగ్గరా వీటన్నిటికీ జవాబు లేదు, ఉండదు కూడా.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి, మత్స్యకార కుటుంబం పిల్ల, సరిగ్గా దీని మీదే పీహెచ్‌డీ చేస్తానని ఒక యూనివర్సిటీకి వెళ్లింది. దాని పేరు ఇక్కడ అనవసరం. భూగోళశాస్త్రం వాళ్లు నేత, అప్పులు మా సబ్జెక్టు కాదన్నారు. ఆర్థికశాస్త్రం వాళ్లు సముద్రం మాకెందుకన్నారు. ఏడాది పాటు తిరిగి తిరిగి, చివరికి ఉపగ్రహ చిత్రాల్లో తీరరేఖ ఎంత జరిగిందో కొలిచే టాపిక్ తీసుకుంది. అదీ మంచి పనే. కానీ అందులో వాళ్ల అమ్మా నాన్నా లేరు. ఆ సంగతి చెబుతూ నా ముందు ఏడ్చింది.

నిబంధన లేకపోతే సరే అనుకోవచ్చు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 పీహెచ్‌డీ నిబంధనలే, పరిశోధన రెండు మూడు శాస్త్రాలకు సంబంధించినదైతే వేరే శాఖ నుంచి కో-గైడ్‌ను పెట్టుకోవచ్చంటున్నాయి. కాగితం మీద ఉన్నదాన్ని అమలు చేయించండి, చాలు. సహ పర్యవేక్షణను కూడా అధ్యాపకుల ప్రమోషన్ లెక్కలో పూర్తిగా కలపండి. అది లేకపోతే ఎవరూ ముందుకు రారు, వాళ్లను తప్పుపట్టలేం.

డిగ్రీలో పర్యావరణం పేపర్ ఉంది కదా అని మీ అధికారులు అనొచ్చు. సుప్రీంకోర్టు ఆదేశంతో వచ్చిన పేపరే అది. చాలా చోట్ల పీరియడ్లు తక్కువ పడిన లెక్చరర్‌కు అప్పగిస్తారు, నేనూ అలాగే చెప్పాను. పిల్లలు ఓజోన్ పొర గురించి గైడు చూసి బట్టీపట్టి పాసవుతారు. గంట లోపు దూరంలో ఉన్న ఉప్పాడను చూడకుండానే డిగ్రీ పట్టా తీసుకుంటారు. ఆ పేపర్‌లో సగం మార్కులు ఫీల్డ్ వర్క్‌కు ఇవ్వండి. బావి నీళ్లలో ఉప్పు కొలిచే పిల్ల సైన్స్ నుంచి, ఆ ఇంటి ఖర్చులు రాసుకునే పిల్లాడు కామర్స్ నుంచి వచ్చి, ఇద్దరూ కలిసి ఒకే రిపోర్టు రాయాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైంది 1926లో. నూరేళ్ల పేరుతో ఎన్నో భవనాలకు శంకుస్థాపనలు చేయొచ్చు. నేను అడిగేది భవనం కాదు. ఆంధ్ర, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయాలు, జేఎన్‌టీయూ కాకినాడ, రంగరాయ వైద్య కళాశాల కలిసి ఉప్పాడలోనే ఒక గది అద్దెకు తీసుకుని ఐదేళ్లు పనిచేయాలి. పోర్టు, నీటిపారుదల, మత్స్యశాఖల దగ్గరున్న కొలతలు ఆ గదికి అందేలా మీరు ఒక ఉత్తర్వు ఇవ్వాలి.

ఒకసారి మీరు కూడా రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవలు ఒడ్డునే ఉంటాయి, మనుషులకు మాట్లాడే తీరిక ఉంటుంది. ఆ ఇంటికి నేను తీసుకువెళతాను.

ఇట్లు,
కాకినాడ నుంచి ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు