కూల్చే ముందు ఒకసారి మిద్దె ఎక్కండి

అయ్యా,

పాత ప్రభుత్వ భవనాన్ని పడగొట్టడానికి ‘శిథిలావస్థ’ అని ఫైలులో ఒక్క మాట పడితే చాలు. ఆ మాట రాసేవాళ్ళలో మిద్దె ఎక్కి చూసినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. ఓవర్సీరుగా ముప్పై ఏళ్ళు చేసినవాణ్ణి, తెలిసే అంటున్నాను.

నేను పనిచేసిన ఒక ఆఫీసుకు రెండడుగుల మందం గోడలు. రాయి, గానుగ సున్నం. అట్లాంటిది పాడైందెట్లా? పిట్టగోడలో రావి మొక్క మొలిచింది. తూము ఆకులతో పూడింది. వాన నీళ్ళు మిద్దె మీదే నిలిచి దూలాల కొనలు చివికాయి. గోడ చెమ్మగిల్లితే పైన సిమెంటు పూశాం. సున్నపు గోడ పీల్చిన తడిని మళ్ళీ బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది, తడి లోపలే ఉండి గోడను తినేస్తుంది. ఆ పూత దగ్గరుండి పూయించింది నేనే. కొన్నేళ్ళకు శిథిలమన్నారు, టేకు దూలాలు వేలానికి పోయాయి.

పాతవన్నీ ఉంచాలనడం లేదు. నలభై, యాభై ఏళ్ళ కిందటి స్లాబులు కొన్ని నిజంగానే ప్రమాదం. లోపలి కడ్డీ తుప్పు పట్టి ఉబ్బితే కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. కింద పిల్లలో రోగులో ఉంటే అలాంటివి కూల్చడమే మేలు. మనమేమో రోగం మనవడికైతే తాతను పాడె ఎక్కిస్తున్నాం.

కర్నూలుకు ఇంకో లెక్క కూడా ఉంది. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ళు ఇది ఆంధ్ర రాష్ట్ర రాజధాని. భవనాలు చాలక గుడారాల్లో ఆఫీసులు నడిపారు. గుడారాలు ఎటూ మిగలవు, ఆనాడు అక్కరకొచ్చిన భవనాలేవో జాబితా అయినా ఉండొద్దా? 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం నూరేళ్ళు నిండిన కట్టడాలనే లెక్కలోకి తీసుకుంటుంది. కొండారెడ్డి బురుజుకు బెంగ లేదు. 1953లో కట్టినదానికి మాత్రం 2053 దాకా ఆ చట్టం నీడ దొరకదు.

కూల్చక తప్పదంటే టెండరు పిలవకముందే పరీక్షల నివేదిక, మరమ్మతు ఖర్చు, కొత్త భవనం ఖర్చు ఆ ఆఫీసు గుమ్మం దగ్గరే తెలుగులో అంటించండి. ఈలోపు, వానలు పడకముందే, పిట్టగోడల మీది రావి మొక్కలు వేళ్ళతో సహా పీకించి తూములు తీయించండి. ఒక్కో భవనానికి ఇద్దరు కూలీలు, ఒక పూట పని.

ఇట్లు
ఒక విశ్రాంత ఓవర్సీరు,
పాతబస్తీ, కర్నూలు