తాబేలుకి ఏడు నెలలు సరే, సముద్రం అడుగుకి ఎన్నాళ్ళు?

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంకో మూడు వారాల్లో నవంబరు 1 వస్తోంది. అప్పట్నించి మే 31 దాకా, గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ళ కోసం, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపల వేట కట్టేస్తారు. దేవి మొగ, ధామ్రా మొగ దగ్గరా అంతే. మాది గోపాల్‌పూర్ పక్క ఊరు. ఒడియా వాళ్ళు మమ్మల్ని నోలియాలంటారు. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే, మీ పత్రిక బరంపురం నుంచి మా ఊరికి రోజూ వస్తుంది. అందుకే ఈ మాట మీకు రాస్తున్నాను.

తాబేలు మీద నాకు కోపం లేదు. వలలో పడితే మా నాన్న తాడు కోసైనా దాన్ని వదిలేసి దణ్ణం పెట్టేవాడు. శ్రీకూర్మం స్వామికి మొక్కుకునే ఇళ్ళు మావి. ఋషికుల్య తీరంలో తాబేళ్ళు లక్షల్లో గుడ్లు పెడతాయని బయటివాళ్ళకి 1994లో తెలిసిందంటారు గానీ, మా వాళ్ళకది తాతల నాటి సంగతి. ఏడు నెలలు ఆగమంటే కష్టమైనా ఆగుతాం. నా బాధ వేరే ఉంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతా మరబోట్లకి నిషేధం. మా దగ్గర తాబేళ్ళ నిషేధం, ఈ నిషేధం ఒకదాని మీదొకటి పడతాయి. రెండూ కలిపి లెక్కేస్తే జూన్ 15 నుంచి అక్టోబరు 31 వరకు నాలుగున్నర నెలలు ఆ నీళ్ళన్నీ తెరిచే ఉంటాయి. చట్టం ప్రకారం ఒడ్డు నుంచి 5 కిలోమీటర్ల వరకూ మరబోటు రాకూడదు. అది దాటితే వల అడుగుకి దించి లాగొచ్చు. ఏడున్నర నెలలు కాపాడిన చోటునే మిగతా నాలుగున్నర నెలలు గీకేస్తున్నారు.

ట్రాల్ అనే ఆ అడుగు వల ఎలా పనిచేస్తుందో చూడనివాళ్ళకి చెబుతాను. వలకి రెండు పక్కలా బరువైన బోర్డులుంటాయి. బోటు లాగుతుంటే నీటి ఒత్తిడికి అవి చెరో వైపుకీ విచ్చుకుని వల నోరు తెరుస్తాయి. కింది అంచుకి గొలుసు ఉంటుంది. బోర్డులూ గొలుసూ గంటల తరబడి నేల మీద ఈడ్చుకుపోతాయి. బురదలో దాగిన రొయ్య లేచి వలలో పడాలని అలా లాగుతారు. రొయ్యతో పాటు అక్కడ బతికేదంతా లేస్తుంది. పోయిన ఏడాది ఆగస్టులో ఒక రేవులో మా కోడలు చేపలు ఏరే కూలికి వెళ్ళింది. సాయంత్రం నేను తీసుకురావడానికి వెళ్తే ఆమె ముందు నడుమెత్తు చెత్త చేప కుప్ప ఉంది. వేలెడు లేని గులివింద చేపలు, పొట్ట కింద గుడ్లు అంటుకునే ఉన్న పీతలు, పగిలిన శంఖాలు. వాటి మధ్య చెట్టు కొమ్మలాంటి ఎర్రటిదొకటి. కోడలు అది నా చేతిలో పెట్టి "మావా, ఇది చెట్టా?" అంది. చెట్టు కాదు. రాయిని పట్టుకుని పెరిగే పగడం జాతి ప్రాణి అది, జానెడు ఎదగడానికి ఏళ్ళు పడుతుంది. ఆ కుప్పంతా కోళ్ళ మేతకి వెళ్ళే లారీ ఎక్కింది.

మా నాన్నకి ఆ రాళ్ళున్న చోట్లు తెలుసు. మహేంద్రగిరి శిఖరం ఒక వైపు, గోపాల్‌పూర్ లైట్‌హౌస్ ఇంకో వైపు చూసుకుని, తాడుకి సీసం గుండు కట్టి వదిలేవాడు. గుండు టక్కుమని తగిలితే రాయి, మెత్తగా దిగి, పైకి లాగేటప్పుడు పట్టేస్తే బురద. రాయి దొరికిన చోట గేలం వేస్తే రాళ్ళ సందుల్లో ఉండే చేపలు పడేవి. పడవ నిండేదాకా ఎప్పుడూ ఆశపడలేదు. పిల్ల చేపలు పెరిగేది అక్కడేనని ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఇప్పుడు అదే గుర్తు మీదికి వెళ్ళి గుండు వదిలితే రెండు చోట్ల నాకు మెత్తగానే దిగింది.

యూరోపియన్ యూనియన్ నీళ్ళలో 2016 నుంచి 800 మీటర్లు దాటిన లోతులో అడుగు వలలు లాగకూడదు. 2022లో అట్లాంటిక్‌లో పగడాలూ స్పంజికలూ ఉన్న 87 చోట్లని ఏరి, సుమారు 16 వేల చదరపు కిలోమీటర్లలో అడుగుకి తగిలే ఏ రకం వేటా వద్దన్నారు. నెలల లెక్క లేదు, ఏడాది పొడవునా మూతే. వలలతో పాటు అడుగు గేలాలని కూడా ఆపారని స్పెయిన్ ప్రభుత్వం, అక్కడి మత్స్యకారులు కోర్టుకి వెళ్ళారు. 2025లో కోర్టు వాళ్ళ వాదన కొట్టేసింది. ఆ గేలాల వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. మా విషయంలో అలా జరగకూడదనే ముందే అడుగుతున్నాను. హాంకాంగ్ 2012 చివర్లో తన నీళ్ళలో ట్రాలింగ్ ఆపినప్పుడు పడవలవాళ్ళకి పరిహారం ఇచ్చి ఆపింది. అదీ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మరబోటు మీద కూలికి వెళ్ళేది కూడా మా పిల్లలే.

నేను అడిగేది సముద్రమంతా మూయమని కాదు. రాళ్ళూ, పగడం జాతివీ ఉన్న చిన్న చిన్న చోట్లు గుర్తించి, అక్కడ అడుగు గీకే వలని పన్నెండు నెలలూ ఆపమని. ఆ చోట్లు ఎక్కడో కాగితం మీద గీసే ముందు మా ముసలివాళ్ళని పడవెక్కించుకుని వెళ్ళి అడగాలి. గేలం వేసే చిన్న పడవనీ ట్రాలర్‌నీ ఒకే గాటన కట్టకూడదు. ఇంకొకటి, బాహుదా మొగ దాటితే ఆంధ్రా. చేపకి ఆ గీత తెలియదు, వల లాగేవాడికి మాత్రం బాగా తెలుసు. ఇక్కడ తరిమితే అటు, అటు తరిమితే ఇటు. రెండు రాష్ట్రాల మత్స్యశాఖలు ఒకే పటం, ఒకే తేదీ పెట్టుకోకపోతే మూసిన చోటు మూసినట్టు ఉండదు.

చివరిగా మా ఊరి సంగతి. పోయినసారి నిషేధం నోటీసు ఒడియాలో ఒకే కాగితం అంటించారు. మాలో ఒడియా మాట్లాడేవాళ్ళు చాలామందే, చదివేవాళ్ళు తక్కువ. హద్దు తెలియక వెళ్ళిన నా మేనల్లుడి బోటు పట్టుకున్నారు, పదకొండు రోజులు వల ఎండలో పడి ఉంది. ఈసారి నవంబరు 1కి ముందే ఆ నోటీసు తెలుగులో కూడా, హద్దులు గీసిన బొమ్మతో, ప్రతి రేవులోనూ అంటించమని మీ పత్రిక ద్వారా అధికారుల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మత్స్యకారుడు,
గోపాల్‌పూర్ దగ్గర, గంజాం జిల్లా, ఒడిశా